తెచ్చిపెట్టిన జ్వరము: కంప్యూటరు తన దోషమును తాను చెప్పుకొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. గోడలు నిలిచినంతమాత్రమున గ్రంథాలయము నిలువదు. ఏటేట బీరువాలు తెరచి, పుస్తకములను బయటపెట్టి దులిపి, చెదలు పట్టిన పుటను వేరుచేసి, జాబితాతో సరిచూచువారు ఉన్నప్పుడే అది నిలుచును. చెడిన దానిని వేళకు కనిపెట్టుట కాపాడుటలో సగము. ఈ మాట పుస్తకములకే కాక, నేడు లోకవ్యవహారమును మోయుచున్న కంప్యూటరులకును చెల్లును. కంప్యూటరు తనలో పుట్టిన దోషమును తాను ఎట్లు తెలిసికొనును, తెలిసికొని ఎట్లు మొరపెట్టుకొనును, ఆ మొరను వినవలసినవారు సరిగా విందురో లేదో పరీక్షించుటకు ఇంజనీర్లు లేని రోగమును ఎట్లు తెచ్చిపెట్టుదురు అనునది నేటి ప్రసంగ విషయము.

ఇది గ్రామమునకు దూరమైన విషయముగా తోచవచ్చును. కాని పట్టణమునకు పోవు రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతాలోని నిలువ, వృద్ధులకు వచ్చు పింఛను, చౌకధరల దుకాణమున వ్రేలిముద్ర వేసినంతనే కనబడు కుటుంబపు పేరు, ఇవన్నియు ఎక్కడో గదులనిండ నిలిపిన పెద్ద కంప్యూటరులలోని అంకెలే. ఆ అంకెలలో ఒకటి తనంతట తాను మారినచో నష్టపడువాడు ఇంజనీరు కాదు, వరుసలో నిలుచున్న మనుష్యుడు.

కంప్యూటరు మెమొరీలో ప్రతి సంఖ్యయు ఒకట్లు, సున్నలుగా నిలువయుండును. అట్టి ఒక్కొక్క గుర్తునకు బిట్ అని పేరు. సాధారణ లెక్కలో స్థానములు ఒకట్లు, పదులు, నూర్లు అయినట్లు, అక్కడ 1, 2, 4, 8, 16 అని రెట్టింపగుచు పోవును. ఆ వరుసలో పదుమూడవ స్థానపు విలువ 4096. ఈ సంఖ్యకు ఒక కథ కలదు. 2003 వ సంవత్సరము మే 18 వ తేదీన బెల్జియము దేశమున ఎన్నికలు జరిగెను. బ్రస్సెల్సు ప్రాంతమునందలి స్కార్‌బేక్ అను పురమున ఓట్లను యంత్రములతో లెక్కించిరి. ఒక అభ్యర్థికి రావలసిన దానికంటె, అనగా రాగలిగిన దానికంటె, ఎక్కువ ఓట్లు వచ్చినట్లు లెక్క తేలెను. తిరిగి లెక్కింపగా ఆ అభ్యర్థికి సరిగా 4096 ఓట్లు తగ్గెను. యంత్రపు ప్రోగ్రామునందు తప్పేమియు దొరకలేదు. పదుమూడవ స్థానమునందలి సున్న తనంతట తాను ఒకటిగా మారియుండునని నిపుణులు ఊహించిరి. ఆ తప్పు పట్టువడుటకు కారణము, వచ్చిన సంఖ్య అసంభవముగా ఉండుటయే. అదే మార్పు ఎనిమిదవ స్థానమున జరిగియుండినచో పెరుగునవి 128 ఓట్లు మాత్రమే. అప్పుడు ఎవరికైనను అనుమానము కలిగెడిదా యని ఆలోచింపవలసియున్నది.

బిట్ తనంతట తాను ఎట్లు మారును? దీనికి కారణము తెలియుటకు కొంతకాలము పట్టెను. 1978 లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమోతి మే, ముర్రే వుడ్స్ అను ఇరువురు ఒక సంగతిని బయటపెట్టిరి. మెమొరీ చిప్పులను కప్పిన పదార్థములో యురేనియము, థోరియము లేశమాత్రముగా ఉండుటవలన వాని నుండి ఆల్ఫా కణములు వెలువడి బిట్లను మార్చుచున్నవని వారు కనుగొనిరి. మరుసటి సంవత్సరము, అనగా 1979 లో, జేమ్స్ జీగ్లర్, విలియం లాన్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ఆకాశమునుండి నిరంతరము భూమిపై పడుచున్న విశ్వకిరణములు సైతము ఈ పని చేయగలవని వివరించిరి. వీటికి తోడు యంత్రభాగములు పాతబడుట, వేడెక్కుట, విద్యుత్తులో ఒడుదుడుకులు వచ్చుట మొదలగునవి ఉండనేయున్నవి. ఇది అరుదైన విడ్డూరము కాదు. గూగుల్ సంస్థవారి యంత్రములను పరిశీలించి 2009 లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము, ఒక సంవత్సర కాలములో దాదాపు మూడవవంతు యంత్రములలో సరిదిద్దదగిన మెమొరీ దోషము ఒక్కసారియైనను కనబడెను.

కావున దోషము వచ్చునా రాదా అను ప్రశ్నయే లేదు. వచ్చిన దానిని కనిపెట్టుట యెట్లు అనునదియే ప్రశ్న. గ్రంథాలయమునుండియే ఉపమానము తీసికొనవచ్చును. ఒక బీరువాలో పుస్తకములు అడ్డువరుసలుగను నిలువువరుసలుగను పేర్చియున్నవనుకొందము. ప్రతి అడ్డువరుసకును, ప్రతి నిలువువరుసకును ఎన్ని పుస్తకములు ఉండవలెనో ఒక చీటీపై వ్రాసి అంటించితిమి. ఒకనాడు మూడవ అడ్డువరుసలో ఒకటి తగ్గినది. నాలుగవ నిలువువరుసలోను ఒకటి తగ్గినది. ఆ రెండు వరుసలు కలిసిన చోటనే పుస్తకము పోయినదని చూడకయే చెప్పవచ్చును. పుస్తకమైనచో వెదకి తేవలెను. బిట్ విషయములో ఆ శ్రమయు లేదు. తప్పిన చోటు తెలిసినచో సున్నను ఒకటిగానో, ఒకటిని సున్నగానో మార్చిన చాలును.

ఈ విద్యకు శాస్త్రరూపము కల్పించినవాడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్. సెలవు దినములలో ఆయన అప్పగించిన లెక్కలు చేయుచున్న యంత్రము తప్పును కనిపెట్టి ఆ లెక్కను విడిచిపెట్టుచుండెను. తప్పు జరిగినదని తెలిసికొనగల యంత్రము అది ఎక్కడ జరిగినదో తెలిసికొని దిద్దుకొనలేదా యను ఆలోచన ఆయనకు కలిగెను. 1950 లో ఆయన ప్రకటించిన వ్యాసము నేటి మెమొరీ రక్షణకు పునాది. నేడు పెద్ద యంత్రములలో 64 బిట్ల సమాచారమునకు తోడుగా 8 కాపలా బిట్లను ఉంచుట సామాన్యమైన ఏర్పాటు. దానివలన ఒక్క బిట్ తప్పినచో యంత్రమే దిద్దుకొనును. రెండు బిట్లు తప్పినచో దిద్దలేదు గాని తప్పు జరిగినదని మాత్రము చెప్పగలదు.

ఈ చెప్పుట యనునదే నేటి ప్రసంగమునకు కేంద్రము. ప్రాసెసరు ఏదో లెక్క చేయుచుండును. ఆ నడుమ దిద్దరాని దోషము బయటపడును. అప్పుడు అది చేయుచున్న పనిని నిలిపి, తనను నడుపుచున్న ఆపరేటింగ్ సిస్టమును కేక వేయవలెను. ఈ కేకకు మెషీన్ చెక్ అని పేరు. 1964 లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రములలో అంతరాయములను అయిదు తరగతులుగా విభజించిరి. వానిలో ఒకటి ఈ మెషీన్ చెక్. ఇంటెల్ వారు 1993 నాటి పెంటియం ప్రాసెసరులో దీనిని చేర్చిరి. 1995 నాటి పెంటియం ప్రో నుండి దానికి విస్తృతమైన కట్టుబాటు ఏర్పడెను. ఆ ప్రాసెసరులలో ప్రతి అంతరాయమునకు ఒక సంఖ్య కలదు. మెషీన్ చెక్ సంఖ్య 18.

కేక వేసిన చాలదు. ఏమి జరిగినదో చెప్పవలెను. అందులకు ప్రాసెసరులో బ్యాంకులను పేరుతో కొన్ని పద్దుపుస్తకముల వంటివి ఉండును. ఒకటి మెమొరీ సంగతి, మరియొకటి ప్రాసెసరులోని చిన్న నిలువల సంగతి, ఇట్లు ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క భాగపు దోషమును వ్రాసికొనును. దోషము ఎట్టిది, ఎక్కడ జరిగినది, అదనపు వివరము ఏమి అనునవి అందులో ఉండును. దోషము స్వభావమును చెప్పు పద్దు 64 బిట్ల పొడవు కలది.

ఆ పద్దును చదివి ఆపరేటింగ్ సిస్టము ఏమి చేయవలెననునది దోషపు తీవ్రతను బట్టి యుండును. మొదటి తరగతి, యంత్రమే దిద్దుకొనిన దోషము. దీనికి కంగారు అక్కరలేదు. వ్రాసి పెట్టుకొనిన చాలును. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టము సాధారణముగా 5 నిమిషములకొకసారి ఈ పద్దులను తిరుగవేయును. ఒకే చోట మాటిమాటికి దోషము వచ్చుచున్నచో ఆ భాగము చెడిపోవుటకు సిద్ధముగానున్నదని యజమాని గ్రహించి ముందే మార్చుకొనవచ్చును. రెండవ తరగతి, దిద్దరానిదైనను తప్పించుకొనదగినది. మెమొరీలో 4096 బైట్ల ఒక పుట చెడినదనుకొందము. లినక్స్ ఆ పుటకు విషచిహ్నము వేసి ఇక ఎవరికిని ఇయ్యకుండ వేరుచేయును. ఆ పుటలోని సంగతి డిస్కుపై చెక్కుచెదరక యున్నచో మరల అక్కడనుండి తెచ్చుకొనును. లేనిచో ఆ పుటను వాడుచున్న ఒక్క ప్రోగ్రామును మాత్రము ఆపివేయును. 2009 డిసెంబరులో వెలువడిన లినక్స్ 2.6.32 లో ఈ ఏర్పాటు చేరెను. మూడవ తరగతి, ప్రాసెసరు స్థితియే చెడిన దోషము. అప్పుడు తాను చేయు ఏ లెక్కనైనను నమ్మరాదు గనుక యంత్రమును అక్కడికక్కడ నిలిపివేయుటయే ధర్మము.

చెదలు తిన్న పుటను చించి వేరుచేయుట, బీరువానంతయు తగులబెట్టుట, రెంటికిని భేదము కలదు. ఒక పుట చెడినంతమాత్రమున వేలమంది లెక్కలు నడుపుచున్న యంత్రమును నిలిపివేయుట మొదటి తప్పు. బీరువా నిండ చెదలు పట్టినను తలుపు మూసి ఏమియు లేదనుట రెండవ తప్పు. ఈ రెండు తప్పుల నడుమ సరియైన నిర్ణయమును క్షణములో తీసికొనవలసిన బాధ్యత ఆపరేటింగ్ సిస్టములోని దోషనివారణ ప్రోగ్రాముపై ఉన్నది.

ఇచ్చట చిక్కు వచ్చుచున్నది. కంప్యూటరులోని మిగిలిన ప్రోగ్రాములు దినమునకు లక్షలసార్లు నడుచును. వానిలోని తప్పులు వాడుకలోనే బయటపడును. ఈ దోషనివారణ ప్రోగ్రాము మాత్రము ఏ సంవత్సరమునకో ఒకసారి, అదియు కీడు మూడినప్పుడే నడుచును. అట్లు నడిచిన ఆ ఒక్కసారి దానిలోనే తప్పున్నచో రోగికి వైద్యుడు వచ్చి రోగమును పెంచినట్లగును. చెరువు కళింగలను, తూముల తలుపులను వరద రాకముందే పైకెత్తి చూచు రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. త్రుప్పు పట్టిన తలుపు వరద రాత్రి కదలదని అతడెరుగును. అగ్నిమాపక దళమువారు నిప్పులేకయే గంట కొట్టి పరుగులు తీయుటకును కారణమిదియే.

అయినచో ప్రాసెసరునకు దోషమును కోరి తెచ్చుట యెట్లు? నిజముగా చిప్పులపై కణములను ప్రయోగించు పరిశోధనాలయములు కలవు. అమెరికాలోని లాస్ ఆలమోస్‌లో న్యూట్రాను కిరణములతో అట్టి పరీక్షలు జరుపుదురు. కొన్ని పెద్ద సర్వరు యంత్రములలో తయారుచేసినవారే దోషమును ప్రవేశపెట్టు ఏర్పాటు కల్పింతురు. కాని ప్రోగ్రాము వ్రాయు ప్రతి ఇంజనీరునకును ఆ యంత్రములు అందుబాటులో ఉండవు. ఉన్నను, పరీక్షకొకసారి నిజమైన యంత్రము నిలిచిపోవును. కోరిన దోషము కోరిన క్షణమున రప్పించుటయు కష్టము.

ఈ చిక్కును విప్పినది వర్చువల్ మెషీన్, అనగా కల్పితయంత్రము. ఇది కొత్త ఊహ కాదు. ఐ.బి.ఎం. వారు అమెరికాలోని కేంబ్రిడ్జిలో సి.పి. 40 అను వ్యవస్థను 1967 నాటికే వాడుకలోనికి తెచ్చిరి. దానివలన ఒకే యంత్రము పెక్కు యంత్రములుగా కనబడెను. 1972 లో వి.ఎం. 370 పేరుతో అది వ్యాపారములోనికి వచ్చెను. 2003 లో ఫాబ్రిస్ బెలార్ అను ఫ్రెంచి ప్రోగ్రామరు క్యూ-ఎము అను అనుకరణ ప్రోగ్రామును వెలువరించెను. దానిని ఎవరైనను ఉచితముగా తెచ్చుకొని, లోపలి రచనను చదివి, మార్చుకొనవచ్చును. 2007 లో లినక్స్‌లో చేరిన కె.వి.ఎం. అను భాగముతో కలిసి పనిచేయునపుడు దాని వేగము నిజయంత్రపు వేగమునకు చేరువగును.

కల్పితయంత్రమును తోలుబొమ్మలాటతో పోల్చవచ్చును. తెరపై బొమ్మ కదలుచుండును. దానిని ఆడించువాడు తెర వెనుక నుండును. కల్పితయంత్రములో నడుచు ఆపరేటింగ్ సిస్టము తనకొక ప్రాసెసరు, తనకొక మెమొరీ, తనకొక డిస్కు ఉన్నవని భావించును. నిజమునకు అవి క్యూ-ఎము చూపుచున్న రూపములు. ఈ లోపలి ఆపరేటింగ్ సిస్టమును అతిథి యనియు, బయటి నిజయంత్రమును ఆతిథేయి యనియు వాడుక. ఆడించువాడు తలచినచో బొమ్మను మూర్ఛిల్లజేయగలడు. అట్లే క్యూ-ఎము తలచినచో అతిథి చూచు పద్దుపుస్తకములలో లేని దోషమును వ్రాసి, 18 వ సంఖ్య అంతరాయమును లేపగలదు. అతిథికి అది నిజమైన దోషమే. దాని ప్రోగ్రాములో ఒక్క అక్షరమును మార్చకయే పరీక్ష జరుగును. ఈ పద్ధతికి విలువ ఇచ్చటనే యున్నది. లినక్స్ లోపలనే దోషము వచ్చినట్లు నటింపజేయు ఉపకరణములు వేరుగా కలవు గాని, వానిలో ప్రాసెసరునుండి కేక వచ్చు మార్గము పూర్తిగా పరీక్షకు రాదు.

ఆ పని జరుగు విధము ఇది. క్యూ-ఎమునకు మానిటరు అను ఒక ఆజ్ఞాస్థానము కలదు. అక్కడ ఎం.సి.ఇ. అను ఆజ్ఞ నిచ్చి ఆరు సంగతులు చెప్పవలెను. ఏ ప్రాసెసరునకు, ఏ బ్యాంకులో, దోషపు స్వభావము ఏమి, మొత్తము ప్రాసెసరు స్థితి ఏమి, మెమొరీలో ఏ చిరునామా, అదనపు వివరము ఏమి అనునవి ఆ ఆరు. స్వభావమును చెప్పు సంఖ్యను ఇంజనీర్లు పదునారు అక్షరముల సంకేతముగా వ్రాయుదురు. మొదట బి, డి అను రెండక్షరములు, నడుమ పండ్రెండు సున్నలు, తుదకు సి అను అక్షరము, ఒక సున్న గల సంకేతమును ఉదాహరణముగా తీసికొందము. మొదటి రెండక్షరములను విప్పినచో 1, 0, 1, 1, 1, 1, 0, 1 అని ఎనిమిది బిట్లు వచ్చును. వీనిని వరుసగా పెట్టిన ఎనిమిది దీపములనుకొనవచ్చును. మొదటి దీపము వెలుగుచున్నది, అనగా ఈ పద్దు చెల్లునది. రెండవది ఆరియున్నది, అనగా ఇంతకుముందు వ్రాసిన దోషముపై ఇంకొకటి వచ్చి పడలేదు. మూడవది వెలుగుచున్నది, దోషము దిద్దబడలేదు. నాలుగవది, ఈ దోషమును తెలుపుటకు అనుమతి యున్నది. అయిదవది, అదనపు వివరము కలదు. ఆరవది, చిరునామా కలదు. ఏడవది ఆరియున్నది, ప్రాసెసరు స్థితి చెడలేదు. ఎనిమిదవది వెలుగుచున్నది, ఇది కేక వేసి తెలుపవలసిన దోషము. దీని తరువాతి తొమ్మిదవ దీపము ఆరియుండుటవలన తక్షణము చర్య తీసికొనకున్నను ముప్పు లేదని తెలియును. సంకేతపు తుది భాగమునకు అర్థము, మెమొరీని ఊడ్చుకొనుచు పోవునపుడు బయటపడిన దోషము అని. యంత్రములు కూడ తీరిక వేళలలో తమ మెమొరీని మొదటినుండి తుదివరకు చదివి చూచుకొనును. గ్రంథపాలకుడు ఏటికొకసారి చేయు పనియే ఇది.

ఈ ఆజ్ఞ నిచ్చినంతనే ఇంజనీరు అతిథివైపు చూచును. చిరునామా చెప్పిన పుటకు విషచిహ్నము పడెనా? ఆ పుటను వాడుచున్న ప్రోగ్రాము తప్ప మిగిలినవి నడుచుచున్నవా? దోషము చిట్టాకెక్కెనా? తరువాత ఏడవ దీపమును వెలిగించి మరల పరీక్షించును. ఈసారి అతిథి తనను తాను నిలిపివేసికొనవలెను. నిలిపివేసికొనక ముందుకు సాగినచో ప్రోగ్రాములో తప్పున్నట్లు. పిదప మూడవ దీపమును ఆర్పి పంపును. యంత్రమే దిద్దుకొనిన దోషము గనుక అతిథి కేక లేకయే నడచి, పద్దును తిరుగవేసిన వేళ దానిని చిట్టాలో వ్రాసికొనవలెను. ఇట్లు కోరిన దోషమును కోరిన క్షణమున, ఎన్నిసార్లయినను, ఒక్క చిప్పునైనను చెడగొట్టకుండ రప్పింపవచ్చును.

కఠినమైన సందర్భములను సైతము క్యూ-ఎము మరువలేదు. ఒక దోషమునకు చికిత్స జరుగుచుండగానే మరియొక దోషము వచ్చినచో నిజమైన ప్రాసెసరు ఇక చేయునది లేక మూతపడును. అతిథి మెషీన్ చెక్ కేకను వినుటకు సిద్ధముగా లేనప్పుడును అంతే. క్యూ-ఎము ఈ రెండు సందర్భములలోను కల్పితయంత్రమును మొదటినుండి తిరిగి లేపును. ఇంకొక సంగతి కలదు. ఇంటెల్ యంత్రములలో ఒక ప్రాసెసరు కేక వేసినచో చిరకాలముగా అన్ని ప్రాసెసర్లును దానిని వినుట ఆచారము. లినక్స్‌లో అవన్నియు పని ఆపి ఒకచోట కూడును. వానిలో ఒకటి పెద్దరికము వహించి అందరి పద్దులను చూచి నిర్ణయము చేయును. దానికి లినక్స్ కర్తలు మోనార్క్ అని పేరు పెట్టిరి. గ్రామమున రచ్చబండ పంచాయితీ వంటిదే ఇది. పంచాయితీకి అందరును రాకున్నచో ఏమి చేయవలెననునదియు పరీక్షింపవలసినదే. అందులకు క్యూ-ఎము ఆజ్ఞలో కేకను ఒక్కరికే వినిపించుటకును, అందరికిని వినిపించుటకును వేరువేరు ఏర్పాట్లు కలవు.

ఇంతవరకు చెప్పినది పరీక్ష. కాని ఈ అనుకరణ పరీక్షతోనే ముగియలేదు. నేడు బ్యాంకులును, ఆసుపత్రులును, ప్రభుత్వ శాఖలును తమ లెక్కలలో చాల భాగమును కల్పితయంత్రములపైననే నడుపుచున్నవి. ఒక నిజయంత్రముపై పలు కల్పితయంత్రములు, ఒకే ఇంటిలో పలు కాపురములవలె ఉండును. నిజమైన మెమొరీలో ఒక పుట చెడినదనుకొందము. ఆ పుట ఒక అతిథి వాడుచున్నది. ఆతిథేయి లినక్స్ ఆ సంగతి గ్రహించి సిగ్‌బస్ అను సంకేతము ద్వారా క్యూ-ఎమునకు తెలుపును. క్యూ-ఎము ఆ కబురును అతిథికి అర్థమగు భాషలోనికి మార్చి, దాని పద్దుపుస్తకములో వ్రాసి, మెషీన్ చెక్ కేక వేయును. అతిథి తన పుటను తాను వేరుచేసికొని, దానిని వాడుచున్న ప్రోగ్రామును మాత్రము ఆపి, మిగిలిన పని సాగించుకొనును. ఈ దూత లేనిచో ఆతిథేయి అతిథిని మొత్తముగా చంపవలసివచ్చెడిది. పరీక్షకై నేర్చిన నటన ఆపదలో నిజమైన కబురు మోయు పనియైనది. పరీక్షలో తేలిన తప్పులను దిద్దుకొనుటచేతనే ఈ కబురు నమ్మదగినదగుచున్నది.

ఈ పద్ధతికి హద్దులును కలవు. వానిని చెప్పకుండుట న్యాయము కాదు. మానిటరునుండి ఆజ్ఞ నిచ్చినపుడు పద్దులో మాత్రమే దోషము వ్రాయబడును. మెమొరీలోని సంగతి చెక్కుచెదరకుండును. కావున గంట మ్రోగినపుడు ఎవరు ఎట్లు పరుగెత్తుదురో తెలియును గాని, నిజముగా ఇల్లు కాలిన వేళ పొగలో దారి కనబడునో లేదో తెలియదు. నిజయంత్రములో దోషములు గుంపుగా, అడ్డదిడ్డముగా, ఒకదాని వెంట ఒకటి వచ్చును. కల్పితదోషము శుభ్రముగా, ఒంటరిగా, చెప్పిన వేళకు వచ్చును. అందుచేత కల్పితయంత్రమున నెగ్గిన ప్రోగ్రామును నిజయంత్రములపైనను పరీక్షింపక తప్పదు. మొదటి పరీక్ష రెండవదానికి బదులు కాదు. అది వ్యర్థమైన తప్పులను ముందే ఏరివేయును.

అంతకంటె పెద్ద హద్దు మరియొకటి కలదు. కేక వేయని దోషము నెట్లు వినుట? 1994 లో అమెరికాలోని గణితాచార్యుడు థామస్ నైస్లీ పెంటియం ప్రాసెసరు కొన్ని భాగహారములను తప్పుగా చేయుచున్నదని కనుగొనెను. అది విశ్వకిరణముల పని కాదు, నిర్మాణములోని పొరపాటు. ప్రాసెసరు తన లెక్క సరియైనదనియే భావించెను గనుక ఏ గంటయు మ్రోగలేదు. ఆ పొరపాటునకు ఇంటెల్ సంస్థ 47 కోట్ల 50 లక్షల డాలర్లను నష్టముగా లెక్కకు వ్రాసికొనవలసివచ్చెను. 2021 లో గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల ఇంజనీర్లు వేరువేరుగా ప్రకటించిన వ్యాసములలో, కొన్ని ప్రాసెసర్లు ఏ సూచనయు లేకుండ తప్పు లెక్కలు చేయుచున్నవని తెలిపిరి. అట్టి దోషమునకు మందు గంటలో లేదు. ఒకే లెక్కను రెండుచోట్ల చేయించి సరిచూచుకొనుటలో ఉన్నది. స్కార్‌బేక్ ఓట్ల తప్పు బయటపడినదియు ఏ గంటవలననో కాదు. ఇట్లుండుట పొసగదని గుర్తించి తిరిగి లెక్కించుటవలననే.

ఇందువలన తేలినదేమనగా, నమ్మకము మూడు మెట్లపై నిలుచును. యంత్రము తన తప్పును తాను చెప్పుకొనగలుగుట మొదటి మెట్టు. ఆ మాటను విని సరిగా నడుచుకొనువారిని ముందుగానే పరీక్షించి యుంచుట రెండవ మెట్టు. యంత్రము చెప్పని తప్పును మనుష్యుడు ఇంకొకమారు లెక్కించి కనిపెట్టుట మూడవ మెట్టు. ఇందులో ఏ ఒక్కటియు చాలదు. క్యూ-ఎము వంటి అనుకరణ ప్రోగ్రాములు రెండవ మెట్టును గట్టిపరచుచున్నవి. ఆ ప్రోగ్రామును తెచ్చుకొనుటకు ధనము అక్కరలేదు. ఒక సామాన్యమైన కంప్యూటరు, ఓపిక, ఆంగ్లములోనున్న వివరణలను చదువు కొంత అలవాటు ఉన్న చాలును. పాఠశాల ముగించిన విద్యార్థులు ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి నేర్చుకొనదగిన విద్యయే ఇది. తప్పు చేసినను చెడునది కల్పితయంత్రమే గనుక భయపడవలసినది లేదు.

రాబోవు సంవత్సరములలో ఈ గ్రంథాలయపు జాబితాయు ఒకనాటికి కంప్యూటరులోనికి పోవచ్చును. పోయినను, ఏటికొకసారి బీరువాలు తెరచి, చేతితో పుస్తకములను తీసి, జాబితాతో సరిచూచు ఆచారమును మానరాదు. పుస్తకములు పోయినవని అనుమానించి కాదు, పోయినప్పుడు తెలియవలెనని. ఇరువదియైదు సంవత్సరములు ఆ శ్రమపడిన కార్యకర్తలకును, పుస్తకమును తీసికొనిపోయి చెక్కుచెదరక తిరిగి తెచ్చి యిచ్చిన చందాదారులకును ఈ సభ కృతజ్ఞత తెలుపుట సముచితము. గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక.